కొబ్బరి మొదలుకుళ్లు

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. అక్కడి పెరటి కొబ్బరి బిందెలతో నీరు మోసి పెంచిన చెట్టు. దాని మొదలు వద్ద ఎర్రని బంక కారితే గానోడెర్మా తెగులు సోకిందేమోనని అనుమానించాలి. నేలలోని ఈ శిలీంధ్రం వేళ్ల గుండా చొచ్చి, కాండాన్ని లోపలినుండి కుళ్లబెడుతుంది. నీటి ఎద్దడికి వాడిన చెట్టు త్వరగా లొంగుతుంది. వేపకు, మామిడికి ఉన్నట్లు గాయాన్ని పూడ్చే కణపొర కొబ్బరికి లేదు. కుళ్లిన భాగం తిరిగి పూడదు.

అందుచేత తొలిదశలోనే 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి పాదులో వేసి, తేమ నిలపాలి. చుట్టూ కందకం తవ్వి, ఆ నీరు పక్క చెట్టుకు పారకుండా చూడాలి. తెగులు ముదిరి, మొదలుపై పుట్టగొడుగులు పొడసూపి, మొవ్వు ఎండిన చెట్టును, ఎంత మమకారమున్నా, వేళ్లతో సహా పెకలించి కాల్చక తప్పదు.