ఫ్లాష్ మెమరీ: చదివిన తరువాతే వ్రాత

ఫ్లాష్ మెమరీలో సమాచారం బంధితమైన ఎలక్ట్రాన్ల రూపంలో నిలుస్తుంది. విద్యుత్తు ఆగినా చెరగదు. కాని దానిపై తిరిగి వ్రాస్తే పాతది దక్కదు. 2005లో విడుదలైన ఎక్స్‌బాక్స్ 360 వంటి ఆటయంత్రాలలో ప్రతి యంత్రానికీ ప్రత్యేకమైన రహస్య సంకేతాలు ఈ చిప్పులో ఉంటాయి. అందుచేత యంత్రంలో మార్పు చేయదలచినవారు మొదట రీడరుతో రెండుసార్లు చదివి, ఆ రెండు ప్రతులను పోల్చాలి.

తేడా కనిపిస్తే వెంటనే చిప్పును నిందించరాదు. పొడవైన తీగలు, వదులైన టంకం, సరిగా కలవని ఎర్త్ తీగ సాధారణ కారణాలు. ప్రతులు ఒకటైనా, అంతటా ఒకే విలువ ఉంటే రీడరుకు చిప్పు అందలేదని అనుమానించాలి.

కెనడా శీతకాలంలో, వేడిచేసిన ఇళ్ల పొడిగాలి వల్ల దేహంపై స్థిరవిద్యుత్తు చేరుతుంది. చిప్పును ముట్టేముందు ఎర్త్ చేసిన లోహాన్ని తాకాలి. సరైన ప్రతి చేతికి వచ్చేవరకు చిప్పుపై ఒక్క అక్షరమూ వ్రాయరాదు.