షెడ్డులో బండి ఉందా? పక్కన వడ్లు పెట్టకండి

వానకాలం వరి కోతలు అయిపోయాయి. మేడిపల్లి, కథలాపూర్, కోరుట్ల చుట్టుపక్కల మళ్లలో ఇప్పుడు మిగిలింది కొయ్యకాళ్లే. పొట్ట దశ నుంచి ఒడ్డు బొరియల్లో కూర్చుని కంకులు కొరికిన ఎలుకకు మొన్నటిదాకా తిండికి, చాటుకు లోటు లేదు. కోత మిషన్ ఒక్క పూట తిరిగిందో లేదో చాటు పోయింది. వెనకే బేలర్ వచ్చి గడ్డి కూడా కట్టలు కట్టింది. పైగా చలి. కొన్ని ఎలుకలు ఒడ్లలోనే ఉండిపోయి యాసంగి నారు కోసం చూస్తాయి. మిగతావి, ముఖ్యంగా చుంచెలుకలు, వెచ్చగా, చీకటిగా, తిండికి దగ్గరగా ఉన్న చోటు వెతుక్కుంటాయి. మన ఊళ్లలో ఆ మూడూ ఒకచోట దొరికేది ట్రాక్టర్ షెడ్డులోనే.

ఆ షెడ్డులో ఇప్పుడు ట్రాక్టర్ ఒక్కటే లేదు. దుబాయి, మస్కట్ పోయిన కొడుకు సెలవులో వచ్చినప్పుడు కొన్న కారు కవరు కప్పుకుని నిలబడి ఉంది. వచ్చే సెలవు దాకా దాన్ని ఎవరూ ముట్టరు. సంక్రాంతికి బయటకు తీద్దామంటే స్టార్ట్ కాదు. మెకానిక్ బానెట్ ఎత్తితే వైర్ల మధ్య గూడు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో వడ్ల పొట్టు. సంక్రాంతికి కనబడే ఈ నష్టానికి దారి కార్తీకంలోనే పడుతుంది. కాబట్టి చేయాల్సిన పని ఇప్పుడే చేయాలి.

ముందు వచ్చింది ఏదో తెలుసుకోండి. గోడ వారగా టార్చి వేసి పెంటికలు చూడండి. బియ్యపు గింజంత, సన్నగా, కొసలు మొనదేలి ఉంటే చుంచెలుక. అర అంగుళం, అంతకు పైన ఉంటే ఇంటి ఎలుక. షెడ్డు గచ్చు కింద మట్టి కుప్పలుగా పైకి వచ్చి, బండలు కుంగుతుంటే పందికొక్కు. కార్లో గూడు పెట్టేది ఎక్కువగా మొదటిదే. పెన్సిల్ పట్టే సందు, అంటే 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, లోపలికి దూరుతుంది. మూడు వారాల్లో ఈని, ఈతకు ఐదారు పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు ఆరేడు వారాలకే మళ్లీ ఈతకు వస్తాయి. నవంబరులో ఒక్క జంట వచ్చిందనుకుంటే జనవరి ఆఖరుకు మనవలు తిరుగుతుంటారు.

వైర్లే ఎందుకు కొరుకుతాయని అందరూ అడుగుతారు. ఎలుక ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీయక తప్పదు. దారికి అడ్డొచ్చినదాన్ని, గూటికి పనికొచ్చేదాన్ని కూడా కొరుకుతుంది. ఇప్పటి వైర్ల తొడుగుల్లో సోయా పదార్థం ఉంటుందని, దాని రుచికే ఎలుకలు వస్తున్నాయని అమెరికాలో కార్ల యజమానులు 2016లో కంపెనీ మీద కోర్టుకెక్కారు. పాత రబ్బరు తొడుగును కూడా ఎలుకలు కొరికేవని మన తాతల నాటి ఆయిల్ ఇంజన్లు చూసినవాళ్లకు తెలుసు. నా లెక్కలో వైరు రుచి కంటే షెడ్డులో పక్కనున్న వడ్ల బస్తాదే నేరం.

అసలు విషయం అక్కడే ఉంది. అమ్మే వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతాయి. ఇంటి తిండికి ఆపిన జగిత్యాల సన్నాలు, విత్తనానికి ఉంచిన రెండు బస్తాలు, కోళ్లకు నూకలు, బర్లకు దాణా మాత్రం తిరిగి తిరిగి బండి పక్కకే చేరతాయి. చుంచెలుక రోజుకు తినేది మూడు గ్రాములే. ఒక బస్తా చిల్లు పడితే ఆ సంసారానికి ఏడాది బత్తెం దొరికినట్టే. ఈ సీజన్‌లో ఒకే ఒక్క పని చేస్తామంటే, బండి ఉన్న కప్పు కింద గింజ లేకుండా చేయండి. వడ్లు, దాణా మూత గట్టిగా పట్టే ఇనుప డ్రమ్ముల్లో పోయండి. చోటు లేక బస్తాలు అక్కడే వేయాల్సి వస్తే అడుగు ఎత్తు చెక్కల మీద, గోడకు రెండడుగుల ఎడంగా పెట్టండి. గోడకూ బస్తాకూ మధ్య చీపురు తిరిగితే ఎలుక కాపురం పెట్టదు. గడ్డి కట్టలు షెడ్డు గోడకు ఆనించి పేర్చడం మన దగ్గర మామూలే. వాటిని దూరంగా, వేరే కప్పు కింద వేసుకోండి.

గింజ కనిపించని చోట కూడా ఉంటుంది. కోత మిషన్ ఉన్నవాళ్లు ట్యాంకు అడుగున, స్క్రూ కింద, ఎలివేటర్ మూల చూడండి. కిలోల కొద్దీ వడ్లు, తాలు అక్కడే నిలిచి ఉంటాయి. కింది మూతలు విప్పి, మిషన్‌ను ఖాళీగా కాసేపు తిప్పి, కంప్రెసర్ గాలితో ఊది ఆ తర్వాతే నిలపండి. ఇంకోటి, చేతులు తుడుచుకోవడానికి సిరిసిల్ల మగ్గాల నుంచి తెచ్చుకునే వేస్టు నూలు. ట్రాక్టర్ టూల్ బాక్సులో ఒక ఉండ పెట్టి మరచిపోతాం. ఎలుకకు అంతకు మించిన పరుపు లేదు. రేకు డబ్బాలో పెట్టి మూత వేయండి.

తర్వాత సందులు. మన రేకుల షెడ్లలో పెద్ద లోపం గోడ మీద రేకు కూర్చునే చోట ఉంటుంది. రేకు ఒంపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. తాపీ మేస్త్రీతో సిమెంటు వేయించండి. కింద షట్టరుకూ గచ్చుకూ మధ్య వేలు దూరే సందు ఉంటే మందపాటి రబ్బరు పట్టీ, దానికి బయటి వైపు జీఐ రేకు బిగించాలి. ఉత్త రబ్బరు అయితే రెండు రాత్రుల్లో కొరికేస్తుంది. కరెంటు వైరు, పైపు లోపలికి వచ్చే రంధ్రాల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. కిటికీలకు పావు అంగుళం కన్ను ఉన్న జీఐ జాలీ వేయాలి, దోమ తెర పనికిరాదు. రేకుల మీదికి వాలిన మామిడి కొమ్మ ఉంటే నరకండి. ఇంటి ఎలుకకు అదే నిచ్చెన. ఊరి బయట షెడ్డుకు నాలుగు వైపులా గోడలే ఉండవు కదా అంటారు. నిజమే, అలాంటి చోట సందులు మూయడం కుదరదు. గింజ తీసేయడం, బోను పెట్టడం, వారానికోసారి బానెట్ ఎత్తడం, ఈ మూడింటి మీదే ఆధారపడాలి.

వారానికోసారి బానెట్ ఎత్తమనడంలో మర్మం ఏమీ లేదు. ఎలుక గూడు పెట్టేది అలికిడి లేని చోట. పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపి, బండిని ముందుకూ వెనక్కూ కదిపితే బ్యాటరీ, టైర్లు కూడా బాగుంటాయి. నడిపేవాళ్లు లేకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కార్లో బిస్కెట్ ప్యాకెట్లు, పిల్లలు రాల్చిన మురుకుల ముక్కలు, సీటు వెనక జేబులో కాగితాలు, అన్నీ ఖాళీ చేయండి. ఏసీని లోపలి గాలి మీద ఉంచి ఆపితే బయటి గాలి దారి మూసుకుంటుంది. ట్రాక్టర్ నిలువు సైలెన్సర్ మీద డబ్బా బోర్లించండి, తీసేదాకా మరచిపోకుండా స్టీరింగ్‌కు ఒక ఎర్ర గుడ్డ కట్టండి. డ్రిప్ పైపులు, స్ప్రేయర్ గొట్టాలు చుట్టి నేల మీద పడేయకుండా దూలానికి వేలాడదీయండి. మోటరు స్టార్టర్ డబ్బాలో వైరు దూరే రంధ్రం కూడా మూయండి.

బోను ఇప్పటికీ మంచి సాధనం. గోడ వారగా, మూతి గోడ వైపు ఉండేలా పెట్టాలి. ఎలుక నడి గచ్చు మీద తిరగదు. నిప్పుల మీద కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప, పల్లీల ముద్ద ఏదైనా సరే, చిటికెడు చాలు. చుంచెలుక కొత్త వస్తువు దగ్గరికి చొరవగా వస్తుంది, కాబట్టి మొదటి రాత్రే పడొచ్చు. పెద్ద ఎలుకకు అనుమానం ఎక్కువ. దానికి రెండు మూడు రోజులు బోను బిగించకుండా ఎర మాత్రమే పెట్టి అలవాటు చేయాలి.

మందు ఆఖరి మాట, అదీ షెడ్డు బయట. లోపల మందు తిన్న ఎలుక డ్యాష్‌బోర్డు వెనక చచ్చిందంటే దాన్ని వెతకడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ వాసన నెలకూ పోదు. పొలం ఒడ్ల మీద బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి 2 పాళ్లు, నూనె 2 పాళ్లు, నూకలు 96 పాళ్లు కలిపి, ఎలుక ఉన్న బొరియకు 15 గ్రాముల పొట్లం వేయండి. ముందు రోజు సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిలోనే వేయాలి. ఊరంతా ఒకే రోజు వేస్తేనే ఫలితం. ఒక్కరే వేస్తే పక్క మడి ఎలుక మీ మడికి వస్తుంది. యాసంగి నాట్లకు ముందే ఈ పని జరిగితే షెడ్డుకు వచ్చేవీ తగ్గుతాయి. ఏ తేదీన చేయాలో రైతు వేదికలో ఏఈవోతో కూర్చుని తేల్చుకోండి.

రెండు మందుల జోలికి మాత్రం పోవద్దు. ఇంటిని ఆనుకున్న షెడ్డులో అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు పెడితే ఆ గ్యాసు గోడ సందుల నుంచి పడుకున్నవాళ్ల గదిలోకి వస్తుంది. ట్యూబులో వచ్చే పచ్చ భాస్వరం పేస్టును రొట్టె ముక్కకు రాసి పెట్టే అలవాటు ఇంకా ఉంది. అది పిల్లల నోట్లో పడితే మొదట ఏమీ కానట్టే ఉంటారు, కొన్ని రోజులకు కాలేయం దెబ్బతింటుంది, దానికి విరుగుడు లేదు. ఏ ఎలుక మందు నోట్లో పడినా బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు ఉంది.

పొగాకు కాడలు, కలరా ఉండలు, పుదీనా నూనె, శబ్దం చేసే ప్లగ్గులు, వీటి గురించి చాలామంది అడుగుతున్నారు. పొగాకు ఘాటు ఉన్నంత సేపే పని, ఆ తర్వాత అది కూడా గూటి సామానే. కలరా ఉండలు మూసిన కార్లో పెడితే ఆ ఆవిరి పీల్చేది మనమే. శబ్దం ప్లగ్గుల గొప్పలకు రుజువులు చూపాలని అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ 2001లోనే అరవైకి పైగా కంపెనీలను హెచ్చరించింది. డబ్బులుంటే ఆ డబ్బుతో జాలీ కొనండి. హోండా కంపెనీ వైర్లకు చుట్టే మిరప ఘాటు టేపు ఒకటి అమ్ముతుంది. ఒకసారి కొరికిన వైరు బాగు చేయించినప్పుడు అలాంటిది చుట్టించుకోవచ్చు.

గూడు కనబడితే చీపురుతో దులపకండి. న్యూ మెక్సికోలో నటుడు జీన్ హాక్‌మన్ భార్య బెట్సీ అరాకావా 2025 ఫిబ్రవరిలో ఎలుకల నుంచి వచ్చే హంటావైరస్‌తో చనిపోయారు. వాళ్ల ఆవరణలోని షెడ్లలో, వాహనాల్లో గూళ్లు, పెంటికలు ఉన్నట్టు అక్కడి ఆరోగ్యశాఖ తనిఖీలో తేలింది. మన దగ్గర ఎక్కువగా భయపడాల్సింది ఎలుక మూత్రంతో సోకే లెప్టోస్పైరోసిస్‌కు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి పది పాళ్ల నీళ్లు కలిపి గూటిని తడపండి. ఐదు నిమిషాలు ఆగి, తడిగా ఉండగానే కవర్లోకి తీసి పూడ్చేయండి. షెడ్డు తలుపులు అంతకు ముందే అరగంట తెరిచి ఉంచాలి.

నిలబడిన బండిని మళ్లీ తీసే రోజు తాళం తిప్పడానికి ముందు బానెట్ ఎత్తండి. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి చూడండి. సైలెన్సర్ గొట్టం మీద గడ్డి, పీచు ఉంటే తీసేయండి, వేడికి అంటుకునేది అదే. డీజిల్ గొట్టం, బ్రేకు గొట్టాలు వేలితో తడిమి గాటు ఉందేమో చూడాలి, కింద చెమ్మ ఉంటే స్టార్ట్ చేయొద్దు. ఇవన్నీ బాగుంటేనే బ్యాటరీ వైరు తగిలించి స్టార్ట్ చేయండి. బ్లోయర్ మాత్రం అద్దాలన్నీ దించాకే వేయండి.