కరెంటు కుక్కరు మన ఇంటికి తగునా?

పిల్లలూ! మీ ఇంట్లో పప్పు ఎలా ఉడుకుతుందో ఎప్పుడైనా గమనించారా? కడిగిన కందిపప్పులో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి, కుక్కరు మూత బిగించి పొయ్యి మీద పెడతారు. కాసేపటికి కుక్కరు కూత వేస్తుంది. “మూడు కూతలు రాగానే పొయ్యి ఆపెయ్యి” అని అమ్మో, నాన్నో పక్క గదిలోనుంచి కేక వేస్తారు. మన వంటింట్లో ఆ కూతలే గడియారం.

ఇప్పుడు ఆస్ట్రేలియాలోని తెలుగువారి ఇళ్ళలో కూత వెయ్యని కుక్కరు కూడా కనబడుతోంది. అది కరెంటుతో పనిచేస్తుంది. “మనమూ ఒకటి కొందామా?” అనే మాట మీ ఇంట్లోనూ వచ్చి ఉండవచ్చు. ఎవరో కొన్నారని మనమూ కొనడం సరికాదు. కొత్త వస్తువు గదా అని భయపడి వద్దనడమూ సరికాదు. మన ఇంటి అవసరం చూసి నిర్ణయించుకోవాలి. అది ఎలాగో తెలుసుకుందాం.

ఆవిరి చేసే పని

సముద్రమట్టం దగ్గర, మూతలేని గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కదు. నీరు ఆవిరై పోతుందంతే. ఎత్తుకు వెళ్ళిన కొద్దీ ఈ వేడి ఇంకా తగ్గుతుంది. ఆస్ట్రేలియా ఖండంలో అన్నిటికంటె ఎత్తయిన కొజియాస్కో శిఖరం 2,228 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీరు సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది. కాబట్టి అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఉడకడానికి మరింత సమయం పడుతుంది.

గిన్నెకు మూత బిగించి ఆవిరిని బయటకు పోనివ్వకపోతే లోపల పీడనం పెరుగుతుంది. అప్పుడు నీరు దాదాపు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. పప్పు త్వరగా మెత్తబడుతుంది. ఈ సంగతిని వంటకు వాడిన మొదటివాడు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఆయన 1679లో లండనులో ఇలాంటి పాత్రను చేసి చూపాడు. అందులో గట్టి ఎముకలు కూడా మెత్తబడేవి. ఆవిరి ఎక్కువై పాత్ర పగలకుండా ఆయన దానికి ఒక రక్షక కవాటం అమర్చాడు. మన కుక్కరు మీద ఉండే బరువు చేసే పని కూడా అదే. భారతదేశంలో 1959 నుంచి హాకిన్స్, ప్రెస్టీజ్ పేర్లతో కుక్కర్లు తయారై ఇంటింటికీ చేరాయి.

కరెంటు కుక్కరు ఎలా పనిచేస్తుంది?

దీనికి పొయ్యి అక్కర్లేదు. అడుగున వేడెక్కే పలక ఉంటుంది. దానిమీద లోపలి గిన్నె కూర్చుంటుంది. వేడినీ పీడనాన్నీ కనిపెట్టే చిన్న యంత్రభాగాలు లోపల ఉంటాయి. కావలసినంత పీడనం రాగానే కరెంటు ఆగుతుంది. తగ్గగానే మళ్ళీ వస్తుంది. ఆవిరి ఎక్కువగా బయటకు పోదు కాబట్టి కూతలు రావు. మనం పెట్టిన సమయం కాగానే కుక్కరు తనంత తానే ఆగిపోతుంది. 2010లో కెనడాలో మొదలైన ‘ఇన్‌స్టంట్ పాట్’ ఈ రకం కుక్కర్లకు ఎంతో పేరు తెచ్చింది.

అయితే చాలా కరెంటు కుక్కర్లలో పీడనం పొయ్యి మీది కుక్కరులో కంటె కొంచెం తక్కువ. అందుచేత ఉడికే సమయం కొంచెం ఎక్కువ.

నాలుగు ప్రశ్నలు

కొనే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: మన ఇంట్లో ఏ పొయ్యి ఉంది? విక్టోరియా రాష్ట్రంలో ప్లానింగ్ అనుమతి కావలసిన కొత్త ఇళ్ళకు 2024 జనవరి 1 నుంచి గ్యాసు కలపడం లేదు. అలాంటి ఇళ్ళలో తరచుగా ఇండక్షన్ పొయ్యి ఉంటుంది. ఊరినుంచి పెట్టెలో తెచ్చుకున్న అల్యూమినియం కుక్కరు దానిమీద వేడెక్కదు. ఒక అయస్కాంతం తీసుకుని కుక్కరు అడుగున పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఆ కుక్కరు ఇండక్షన్‌కు పనికివస్తుంది. అంటుకోకపోతే పనికిరాదు. అప్పుడు కూడా కరెంటు కుక్కరు ఒక్కటే దారి అనుకోకండి. ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కర్లు కూడా దొరుకుతాయి.

రెండవది: మొత్తం ఎంతసేపు పడుతుంది? కరెంటు కుక్కరు మీద “10 నిమిషాలు” అని పెడితే పది నిమిషాలలో పప్పు చేతికి రాదు. పీడనం రావడానికి 12 నిమిషాలు, ఉడకడానికి 10, ఆవిరి దానంతట అది తగ్గడానికి మరో 10 అనుకుందాం. మొత్తం 32 నిమిషాలు. పొయ్యి మీద కుక్కరులో పప్పుకు ఇంత సమయం పట్టకపోవచ్చు. కాబట్టి “త్వరగా అవుతుంది” అన్న ఒక్క మాట నమ్మి కొంటే నిరాశే మిగులుతుంది. దీనివల్ల కలిగే అసలు లాభం వేరు. ఆ 32 నిమిషాలూ ఎవరూ కూతలు లెక్కపెడుతూ వంటింట్లో నిలబడనక్కర్లేదు.

మూడవది: ఏమి వండుతాం, ఎంతమందికి? పప్పు, సెనగలు, రాజ్మా, మాంసం, పులావు దీనిలో బాగా ఉడుకుతాయి. రాజ్మాను ముందు రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పూర్తిగా ఉడికించాలి. సగం ఉడికినవి తింటే కడుపు నొప్పి, వాంతులు వస్తాయి. ఇడ్లీకి పీడనం అక్కర్లేదు, ఆవిరి చాలు. దోసెలు, గారెలు, వేపుళ్ళు ఇందులో కుదరవు. మూత పెట్టి నూనెలో వేయించడం ప్రమాదం. పెద్దలు “పిండి కొద్దీ రొట్టె” అన్నారు కదా! పప్పులు ఉడికేటప్పుడు పొంగుతాయి కాబట్టి గిన్నెలో సగానికి మించి నింపరాదు. ఆరు లీటర్ల కుక్కరులో పప్పు, నీళ్ళు కలిసి మూడు లీటర్లే.

నాలుగవది: ఎవరు వండుతారు? ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. అమ్మా నాన్నా పని నుంచి ఆలస్యంగా వస్తారా? అమ్మమ్మకు పక్క గదిలో ఉంటే కూతలు వినపడవా? తాతయ్య పొయ్యి ఆపడం మరచిపోతారా? అలాగైతే తనంత తానే ఆగే కుక్కరు ఆ ఇంటికి మేలు చేస్తుంది. కాని దానిమీద మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఏ మీట దేనికో తెలియక అమ్మమ్మ దాన్ని ముట్టుకోకపోతే, కొన్న డబ్బు వృథా. ఇక్కడ మీరు చెయ్యగల సాయం ఉంది. తెలుగులో “పప్పు”, “అన్నం”, “ఆపు” అని చీటీలు రాసి మీటల పక్కన అంటించండి.

కరెంటు ఖర్చు

1000 వాట్ల కుక్కరు గంటసేపు ఆగకుండా పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. పీడనం వచ్చేదాకా 12 నిమిషాలు పూర్తిగా పనిచేస్తే అయ్యేది యూనిట్‌లో అయిదో వంతు. తరువాత ఆగి ఆగి పనిచేస్తుంది కాబట్టి ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది. అంటే ఖర్చు తక్కువే. కాని పొయ్యి మీది కుక్కరుకూ ఖర్చు తక్కువే. డబ్బు మిగులుతుందని మాత్రమే దీన్ని కొననక్కర్లేదు.

ఇంకొక మాట. ఆస్ట్రేలియాలో కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120. అమెరికాలో ఉన్న చుట్టాలు పంపిన కుక్కరును నేరుగా ఇక్కడి ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇక్కడ కొనేటప్పుడు ఆర్.సి.ఎం. గుర్తు ఉందో లేదో చూడాలి.

ఏ ఇంటికి తగును?

వారానికి నాలుగైదు సార్లు పప్పులూ సెనగలూ ఉడికే ఇల్లు, పొయ్యి దగ్గర నిలబడడానికి తీరిక లేని ఇల్లు, మరపు వచ్చిన పెద్దలున్న ఇల్లు — వీటికి కరెంటు కుక్కరు తగును. పాత కుక్కరు చక్కగా పనిచేస్తూ, వండేవారికి ఏ ఇబ్బందీ లేని ఇంటికి అది అవసరం లేదు. వంటింటి గట్టు ఇరుకైతే అది మరొక బరువే.

ఎటూ తేలకపోతే, తెలిసినవారి కుక్కరును రెండు మూడు రోజులు అడిగి తెచ్చుకోండి. మీ ఇంటి పప్పే అందులో వండి చూడండి. రబ్బరు రింగుకు సాంబారు వాసన పట్టి పాయసంలోకి వస్తుందేమో, కడగడం ఎవరికి కష్టమవుతుందో అప్పుడే తెలుస్తుంది.

జాగ్రత్త!

ఏ కుక్కరైనా పీడనం పూర్తిగా తగ్గకముందు మూత తియ్యరాదు. ఆవిరి వచ్చే చోట చెయ్యి గాని, ముఖం గాని పెట్టరాదు. పెద్దలు దగ్గర లేనప్పుడు మీరు కుక్కరు తెరవకండి. ఆవిరి తగిలి కాలితే వెంటనే కాలిన చోట చల్లని కుళాయి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోయాలి. మంచుగడ్డ గాని, వెన్న గాని, టూత్‌పేస్టు గాని రాయకూడదు. గాయం పెద్దదైతే 000కు ఫోను చెయ్యాలి.

అభ్యాసం

1. మూత బిగించిన పాత్రలో పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుంది?
2. మీ ఇంటి గిన్నెలకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకున్నవీ, అంటుకోనివీ రెండు వరుసలుగా రాయండి.
3. మీ ఇంట్లో పప్పు పొయ్యి ఎక్కినప్పటి నుంచి మూత తీసేవరకు ఎన్ని నిమిషాలు పట్టిందో మూడు రోజులు రాసుకోండి.
4. మీ ఇంట్లో వండేవారిని పై నాలుగు ప్రశ్నలు అడగండి. వారు చెప్పిన జవాబులను బట్టి, కరెంటు కుక్కరు మీ ఇంటికి తగునో తగదో కారణాలతో అయిదు వాక్యాలలో రాయండి.