పాత చైన్ సా ఏ దేశంలో పుట్టింది? కొనేముందు ప్లేటు చదవడం నేర్చుకుందాం

ఈ వారం వీడియోలో బల్ల మీద నాలుగు పాత చైన్ సాలు పెట్టి ఒక్కొక్కటి విప్పి చూపించాను. టైమ్ సరిపోక అందులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. ఆ మిషన్లు ఎక్కడెక్కడ తయారైనయి, అది తెలిస్తే మనకేం లాభం అనేది.

లాభం సంగతి ముందు చెప్తా. మన గోదావరిఖని, మంథని, మంచిర్యాల పక్కన జామాయిల్, సుబాబుల్ వేసినోళ్లు చాలామందే ఉన్నరు. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ నడుస్తోంది. కోత ముఠాలు తిరుగుతున్నయి, వాళ్ల పాత మిషన్లు చేతులు మారుతున్నయి. అమ్మేటాయన నోట్లో ఒక్కటే మాట: "ఒరిజినల్ జర్మనీ". ఆ ఒక్క మాటకే ఐదారు వేలు ఎక్కువ అడుగుతరు.

మా ఊరి దగ్గర ఒక రైతు బేరం చేస్తున్న మిషన్ చూడ్డానికి నన్ను తీసుకుపోయిండు. స్టీల్ 070. ప్లేటు మీద ఒక పక్క అక్షరాలు ఆకురాయితో గీకి ఉన్నయి. అమ్మేటాయనను మెల్లగా అడిగితే చెప్పిండు: అక్కడ "మేడ్ ఇన్ బ్రెజిల్" అని ఉండేదట, అది చూసి అందరూ డూప్లికేట్ అంటున్నరని తీసేసిండట. అసలు సరుకుకు సాక్ష్యంగా ఉన్న ముక్కనే గీకి పారేసిండు! ఎందుకట్లా అంటున్నానో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలె.

పెట్రోల్ చైన్ సా పుట్టిల్లు జర్మనీయే, అందులో అనుమానం లేదు. ఆండ్రియాస్ స్టీల్ 1926లో స్టుట్‌గార్ట్‌లో కంపెనీ పెట్టి ముందు కరెంటు మిషన్ చేసిండు. 1929లో పెట్రోల్‌ది వచ్చింది. దాని బరువు 46 కిలోలు, ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకోవాలె. ఎమిల్ లెర్ప్ అనే ఇంకో జర్మన్ ఇంజనీరు 1927లో తన మిషన్‌ను డోల్మార్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే కంపెనీకి పెట్టిండు. అది హాంబర్గ్‌ది. తర్వాత 1991లో జపాన్ మకిటా చేతిలోకి పోయింది. స్టీల్ కంపెనీ యుద్ధం తర్వాత స్టుట్‌గార్ట్ పక్కన వైబ్లింగెన్‌లో స్థిరపడింది. ఒక్క మనిషి మోసే మిషన్ 1950లో, గేర్లు లేని "కాంట్రా" 1959లో వచ్చినయి.

అమెరికాలో కథ వేరు. అక్కడ యుద్ధం తర్వాత పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు లేచినయి. హోమ్‌లైట్ న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్ చెస్టర్‌ది, పౌలన్ లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌ది. మెకల్లక్ లాస్ ఏంజెలెస్‌ది. వాళ్ల 3-25 అనే మోడల్ 1949లో 25 పౌండ్ల బరువుతో, అంటే సుమారు 11 కిలోలతో వచ్చింది. ఈ రాబర్ట్ మెకల్లక్ మహా సాహసి. ఫ్యాక్టరీని అరిజోనా ఎడారికి మార్చి, దాని చుట్టూ లేక్ హవాసు అనే ఊరు కట్టి, ఆ ఊరికి జనం రావాలని 1968లో లండన్ బ్రిడ్జిని కొని రాళ్లు విప్పించి ఓడల్లో తెప్పించిండు! ఇంత చేసినా కంపెనీ 1999లో దివాలా తీసింది. అందుకే ఎవరైనా మీకు పాత మెకల్లక్ అగ్గువకు ఇస్తానంటే ఆలోచించండి. పేరు ఇప్పటికీ మార్కెట్లో ఉంది గానీ, ఆ ఫ్యాక్టరీ లేదు, ఆనాటి పార్టులు మన దగ్గర దొరకవు.

మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకు నచ్చే ముచ్చట ఒకటుంది. మొదట్లో చైన్ పళ్లు చేతి రంపం పళ్ల లెక్కనే ఉండేవి, తొందరగా మొద్దుబారేవి. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కోత పనివాడు, ఒక మొద్దులో పెంకుపురుగు గొంగళి కర్రను అడ్డంగా, నిలువుగా ఎటంటే అటు తొలిచేయడం చూసిండు. దాని దవడలు కొక్కెం లెక్క వంగి, కుడి ఎడమగా కొరుకుతున్నయి. అదే ఆకారంలో ఉక్కు పళ్లు చేసి, 1947లో పోర్ట్‌లాండ్‌లో తన ఇంటి కింది గదిలో చైన్లు తయారుచేయడం మొదలుపెట్టిండు. అదే ఒరెగాన్ చైన్ కంపెనీ. ఇయ్యాల మన చేతిలో ఉన్న ఏ చైన్ అయినా ఆ పంటి వంశమే. మన మామిడి కాండం తొలిచే పురుగు కూడా ఆ కుటుంబానిదే. దాన్ని తిట్టేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

చైన్‌తో కోయడం మన బొగ్గుబాయి వాళ్లకు కొత్త కాదు. బార్ చుట్టూ పళ్ల చైన్ తిరిగే కోల్ కటింగ్ మిషన్లు గనుల్లో ఏనాటి నుంచో ఉన్నయి. స్కాట్లాండ్‌లో మదర్‌వెల్ ఊరి ఆండర్సన్ బాయ్స్ కంపెనీ వాటికే పేరుమోసింది. కానీ బాయిలో కప్పుకు పెట్టే టింబర్‌ను మాత్రం మా బాపు వాళ్లు చేతి రంపంతో, గొడ్డలితోనే కోసేవాళ్లు. మీథేన్ ఉన్న చోట పెట్రోల్ ఇంజన్ పెడితే ఏమైతదో చెప్పక్కర్లేదు.

ఇక స్వీడన్. హస్క్‌వర్నా 1689లో తుపాకుల ఫ్యాక్టరీగా మొదలైంది, చైన్ సా చేసింది 1959లోనే. ఆలస్యంగా వచ్చినా మనిషి ఒంటి గురించి బాగా ఆలోచించింది వీళ్లే అని నా అభిప్రాయం. 1969లో చేతులకు వణుకు తగ్గించే మోడల్ 180, 1973లో దానంతటదే పడే చైన్ బ్రేక్ తెచ్చిండ్రు. యోన్సెరెడ్ కూడా స్వీడన్‌దే. సోవియట్ వాళ్లు 1955 నుంచి "ద్రూజ్బా" అనే మిషన్ చేసిండ్రు. ద్రూజ్బా అంటే స్నేహం. మన దిక్కు నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఆ గీకిన ప్లేటు దగ్గరికి వద్దాం. స్టీల్ వాళ్లు 1973లో బ్రెజిల్‌లోని సావో లియోపోల్డోలో, 1974లో అమెరికాలోని వర్జీనియా బీచ్‌లో ఫ్యాక్టరీలు పెట్టిండ్రు. 070 అనేది సుమారు 106 సీసీ పెద్ద మిషన్. జర్మనీలో కొత్త మోడళ్లు వచ్చినా దీన్ని బ్రెజిల్‌లో తయారుచేస్తూనే ఉన్నరు. అంటే 070 మీద బ్రెజిల్ అని ఉండటం తప్పు కాదు, ఉండాల్సిందే. ఇంజన్ కేసు మీద కొట్టిన తొమ్మిది అంకెల నంబరు చూడండి. 1తో మొదలైతే జర్మనీ, 2 అయితే అమెరికా, 3 అయితే బ్రెజిల్. హస్క్‌వర్నా నంబర్లలో ముందు వచ్చేవి తయారైన ఏడాది, ఆ తర్వాత వారం. ఆ రైతు చూసిన మిషన్ నంబరు 3తో మొదలైంది. స్టిక్కర్ గీకొచ్చు, మార్చొచ్చు. కేసు మీద కొట్టిన నంబరు జోలికి పోతే గుర్తు మిగులుతది. అక్కడ గరుకుగా ఉన్నా, రంగు వేరుగా ఉన్నా ఆ బేరం వదిలేయండి. 070కి చైనా నకళ్లు కూడా ఉన్నయి మరి.

బజార్లో అందరూ కొనే 52, 58 సీసీ మిషన్ల పుట్టుక ఇంకా తమాషా. వాటి డిజైన్ జపాన్ జెనోవా కంపెనీ జీ సిరీస్ నుంచి వచ్చింది. దాన్ని చైనాలో నకలు చేసిండ్రు. జెజియాంగ్ రాష్ట్రంలో యోంగ్‌కాంగ్ అని ఒక ఊరు ఇట్లాంటి మిషన్లకు పెద్ద అడ్డా. మన దగ్గర ఇరవై పేర్లతో అమ్ముతరు, లోపల చూస్తే ఒక్కటే మిషన్. దీన్ని చిన్నచూపు చూడకండి. ఒక పేరు మిషన్‌కు కార్బొరేటర్ పోతే ఇంకో పేరుది చాలావరకు సరిపోతది, పెద్దపల్లిలోనే దొరుకుతది. గట్టు మీద గిరిపుష్పం కొట్టి ఆచ్ఛాదన వేసుకునే రైతుకు అది చాలు. 070 దండగ. పెద్ద టేకు మొద్దులుంటే (ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి) మిషన్‌తో సహా మనిషిని కిరాయికి పిలవండి.

దేశం కంటే ముందు చూడాల్సింది ముందు హ్యాండిల్ దగ్గర చైన్ బ్రేక్ ఉందా అని. పాత 070ల్లో ఎక్కువ వాటికి ఉండదు. బార్ ముక్కు పై భాగం కర్రకు తగిలితే మిషన్ ఒక్కసారి లేచి మొహం మీదికి వస్తది, అప్పుడు ఆపేది ఆ బ్రేకే. అది లేని మిషన్ ఏ దేశానిదైనా కొత్తగా నేర్చుకునేటోళ్ల చేతికి ఇవ్వకండి.

బ్రేక్ చూశాక చైన్ కొలత తీసుకోండి. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తది. .325 అంగుళాలు, 3/8 అంగుళం, .404 అంగుళాలు అని మూడు రకాలు ఎక్కువ. .325కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, .404కి 5.5ది వాడాలె. బార్ మీద రాసింది నమ్మకండి. పాత మిషన్లకు బార్, చైన్ ఎన్నిసార్లు మారినయో ఎవరికి తెలుసు. చైన్ పిచ్, ఇంజన్ పక్కనున్న స్ప్రాకెట్ పిచ్ ఒకటేనా అని విప్పి చూడండి. విప్పనీయనంటే మిషన్ అక్కడే పెట్టి వచ్చేయండి.