పోటీ పరీక్షల ప్రత్యేకం: నెట్ న్యూట్రాలిటీ

ఇంటర్నెట్‌లోని సమాచారాన్నంతా టెలికాం సంస్థలు ఒకే తీరుగా చూడాలి. ఏ వెబ్‌సైట్‌నూ ఆపకూడదు, వేగం తగ్గించకూడదు, డబ్బు తీసుకుని ముందు వరుసలో పెట్టకూడదు. ఇదే నెట్ న్యూట్రాలిటీ. ఈ పదాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ (2003).

జీరో రేటింగ్: ఎంపిక చేసిన యాప్‌లకు డేటా ఛార్జీ ఉండదు. ఉచితమే కదా అనిపిస్తుంది. కానీ ఏది చూడాలో ఎంచేది వినియోగదారుడు కాదు, కంపెనీ. ఫేస్‌బుక్ ఉచిత డేటా పథకం ‘ఫ్రీ బేసిక్స్’ వివాదానికి మూలం ఇదే. దాని పాత పేరు ఇంటర్నెట్.ఆర్గ్. భారత్‌లో అప్పటి భాగస్వామి రిలయన్స్ కమ్యూనికేషన్స్ (జియో కాదు, ఆప్షన్లలో ఇక్కడే పొరబడతారు).

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు: 2016 ఫిబ్రవరి 8. వెబ్‌సైట్‌ను, యాప్‌ను బట్టి వేర్వేరు డేటా ధరలు నిషిద్ధం. ఉల్లంఘిస్తే రోజుకు రూ.50 వేలు, గరిష్ఠంగా రూ.50 లక్షలు. మినహాయింపు: అత్యవసర సేవలు. ఈ అంకెలు కంఠస్థం చేయండి.

ట్రాయ్ చట్టం: 1997. వివాదాల పరిష్కారం: టెలికాం ట్రిబ్యునల్ టీడీశాట్ (2000 సవరణ).

అనుబంధ ప్రశ్న: జమ్మూకశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతపై అనురాధా భసీన్ కేసు, సుప్రీంకోర్టు, 2020 జనవరి 10. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు అధికరణ 19(1)(ఎ), వృత్తి వ్యాపారాలకు 19(1)(జి) రక్షణ. నిరవధిక నిలిపివేత చెల్లదు. అయితే ఇంటర్నెట్ పొందడమే ప్రాథమిక హక్కని కోర్టు ప్రకటించలేదు. స్టేట్‌మెంట్ తరహా ప్రశ్నల్లో మార్కు పోయేది ఈ వాక్యం దగ్గరే.