అధిక ఉష్ణోగ్రత – పురుష బీజకణాలు: పైరులోనూ, పశువులోనూ

వేసవి వరిలో తాలు గింజలు ఎక్కువైతే రైతు మొదట అనుమానించేది విత్తనాన్ని. ఎద పశువు చూలు కట్టకపోతే లోపం ఆ పశువుదేనని భావిస్తారు. ఈ రెండు సందర్భాల్లోనూ పురుష బీజకణాలకు తగిలిన వేడి కూడా కారణం కావచ్చు. నష్టం జరిగిన రోజు ఒకటి, అది బయటపడే రోజు మరొకటి కావడంతో కారణం గుర్తించడం కష్టమవుతోంది.

వరిలో ప్రభావం

వరి పూలు సాధారణంగా ఉదయం 9 నుంచి 12 గంటల మధ్య విచ్చుకుని, సుమారు గంటలో మూసుకుంటాయి. ఆ గంటలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే వేడిని తట్టుకోలేని రకాల్లో పరాగకోశాలు సరిగా పగలవు. కీలాగ్రంపై రాలిన కొద్దిపాటి పుప్పొడి కూడా సరిగా మొలకెత్తదు. వేడికి గురైన మొక్కల కీలాగ్రాలపై వేడి తగలని పుప్పొడిని రాల్చినప్పుడు గింజ కట్టింది. అంటే ప్రధానంగా దెబ్బతిన్నది పురుష భాగమే. పొట్టదశలో వేడి తగిలితే పుప్పొడిని పోషించే టపీటమ్ పొర ముందుగానే క్షీణిస్తుంది.

జంతువుల్లో ప్రభావం

ఆంబోతు వృషణాలు శరీర ఉష్ణోగ్రత కంటే 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సక్రమంగా తయారవుతాయి. అవి రూపొందడానికి సుమారు 61 రోజులు పడుతుంది. అందువల్ల వడగాడ్పుల ప్రభావం దాదాపు రెండు వారాల తర్వాత వీర్యంలో కనిపించి, రెండు నెలల వరకూ కొనసాగవచ్చు. పక్షుల్లో వృషణాలు శరీరం లోపలే, సుమారు 41 డిగ్రీల వద్ద పనిచేస్తాయి. కాబట్టి తట్టుకునే హద్దు జాతిని బట్టి మారుతుంది. ఇంగ్లాండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2018లో ప్రచురించిన పరిశోధనలో, పిండిని ఆశించే ఎర్ర పెంకు పురుగులను 5 రోజులు తీవ్రమైన వేడికి గురిచేయగా మగ పురుగుల సంతానోత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. ఆడ పురుగుల సంతానోత్పత్తి అంతగా తగ్గలేదు.

పరీక్షల పరిమితులు

అయోడిన్ ద్రావణంలో నల్లబడిన పుప్పొడిలో పిండిపదార్థం నిండినట్లు తెలుస్తుంది. అయితే అది కీలాగ్రంపై మొలకెత్తుతుందన్న హామీ లేదు. అదే విధంగా చలనశక్తి బాగున్న వీర్యమంతా చూలుకు హామీ కాదు. వీర్యకణాల ఆకృతి, డీఎన్‌ఏ సమగ్రత కూడా పరిశీలించాలి.

క్షేత్రంలో నిర్ధారణ

వరి కంకి పైనుంచి కిందికి, సుమారు వారం పాటు పూస్తుంది. కాబట్టి కంకిలో తాలు ఎక్కడ ఎక్కువగా ఉందో చూసి, పూత మొదలైన తేదీతోనూ ఆ రోజుల ఉష్ణోగ్రతలతోనూ పోల్చాలి. కాండం తొలుచు పురుగు ఆశిస్తే కంకి మొత్తం తెల్లబడి, లాగితే సులభంగా ఊడివస్తుంది. వేడి వల్ల వచ్చిన తాలులో ఈ లక్షణం ఉండదు. పశువుల విషయంలో కూడా వీర్యం సేకరించిన తేదీ నుంచి రెండు నెలలు వెనక్కి లెక్కించి వాతావరణాన్ని చూడాలి.

నివారణ

యాసంగి నాట్లు ఆలస్యం కాకుండా చూస్తే పూత తీవ్రమైన ఎండల్లో పడదు. వేడిని తట్టుకునే ఎన్-22 రకమూ, అడవి వరి ఒరైజా అఫిసినాలిస్ నుంచి లభించిన ఉదయం పెందలాడే పూసే గుణమూ ప్రజననానికి ఉపయోగపడుతున్నాయి. ఆంబోతులకు నీడ, సమృద్ధిగా తాగునీరు, ఎండ వేళల్లో ఒంటిపై నీటి తుంపర అవసరం. కారణం తేలకముందే విత్తనాన్నో, పశువునో మార్చమని సలహా ఇస్తే రైతుకు రెండోసారి నష్టం తప్పదు.