రెండు దీవుల నడుమ ఎంత దూరం?

టీవీలో పాటలు చూస్తారు కదా! హీరో ఒక దీవిలో చెయ్యి చాపుతాడు, హీరోయిన్ ఇంకో దీవిలో ఆ చెయ్యి అందుకుంటుంది. జూబ్లీహిల్స్ దగ్గర ఫిలింనగర్‌లో ఎడిటింగ్ గదిలో కూర్చుని ఆ రెండు ముక్కలూ అతికిస్తారు. సినిమాలో సెకనుకి 24 బొమ్మలు కదులుతాయి. అంటే హీరో దీవి దాటడానికి పట్టిన కాలం సెకనులో 24వ వంతు! నిజంగా అయితే ఎంత పడుతుందో చూద్దామని అట్లాసు ముందేసుకుని కూర్చున్నాను.

హిందూ మహాసముద్రంలో ఉన్న మారిషస్, రోడ్రిగ్స్ దీవులు తీసుకున్నాను. రెండూ ఒకే దేశం. మారిషస్‌కి మన తెలుగువాళ్ళు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళారు. ఇప్పటికీ అక్కడ ఉగాదికి సెలవు ఇస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

ఇక లెక్క. మారిషస్ విమానాశ్రయం 20.4 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 57.7 తూర్పు రేఖాంశం మీద ఉంది. రోడ్రిగ్స్‌ది 19.8, 63.4. అక్షాంశాల తేడా 0.6. ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 67 కి.మీ. రేఖాంశాల తేడా 5.7. ఇక్కడే జాగ్రత్త! రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందుకని 111ని కొసైన్ 20 డిగ్రీలతో, అంటే 0.94తో గుణించాలి. 104 వస్తుంది. 5.7 సార్లు 104 అంటే 593 కి.మీ. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి భుజాలు. పైథాగరస్ ప్రకారం కర్ణం 597 కి.మీ. సుమారు 600 అనుకోండి.

రోడ్రిగ్స్ రన్‌వే పొట్టిది. పెద్ద జెట్ విమానం దిగలేదు కాబట్టి పంకాలున్న ఏటీఆర్ విమానం నడుపుతారు. దాని వేగం గంటకి 500 కి.మీ. దాకా ఉంటుంది. భాగిస్తే 72 నిమిషాలు. కానీ ప్రయాణం గంటన్నర దాకా పడుతుంది. రన్‌వే దాకా పాకడానికి, పైకెక్కడానికి, దిగడానికి వేగం తక్కువ మరి. ఓడలో అయితే ఒక రోజు దాటిపోతుంది. రోడ్రిగ్స్‌లో పెద్ద జబ్బు చేసినవాళ్ళని ఆ గంటన్నర విమానంలోనే మారిషస్ ఆసుపత్రికి చేరుస్తారు.

గాలిలో గడిపే కాలం ఒకటే లెక్కేస్తే చాలదు. 2008 మార్చి దాకా జూబ్లీహిల్స్ వాళ్ళకి విమానాశ్రయం దగ్గర్లో బేగంపేటలోనే ఉండేది. ఆ తర్వాత శంషాబాద్‌కి మారింది, అక్కడికి 30 కి.మీ. పైనే. ఢిల్లీ అంతే దూరంలో ఉంది, ఇంటి గుమ్మం నుంచి చూస్తే ప్రయాణం పెరిగింది.

మన వైపు అసలు కిలోమీటర్లతో పనే లేదు. "పొద్దుటేల బయల్దేరితే మజ్జాన్నానికి చేరతాం" అంటారు మా తాత. డోలీ మోసేవాళ్ళు కొండదారిలో గంటకి 3 కి.మీ. నడిస్తే, 12 కి.మీ. దూరానికి 4 గంటలు. అంతసేపట్లో ఆ ఏటీఆర్ రోడ్రిగ్స్ వెళ్ళి, మనుషుల్ని దింపి, మళ్ళీ మారిషస్ వచ్చేస్తుంది.

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ గూడెం నుంచి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో రెండూ విడిగా అడిగి రాసుకుని రండి. వానాకాలం గంటలు వేరే రాయండి. వచ్చే సంచికలో పట్టిక గీసి ఇదే గోడకి అంటిస్తాను.